బిల్లింగు పెళ్ళిచూపులు

"అసలు నువ్వు చేసే పనేంట్రా?" అని మా బాబాయి సంక్రాంతికి వెళ్ళిన ప్రతిసారీ అడుగుతాడు. ఆయనకి చీరాలలో చిన్న సెల్ రీఛార్జి కొట్టుంది. నేను ప్రతిసారీ "టెలికాం బీఎస్‌ఎస్ బాబాయ్" అంటాను. ఆయన "ఓహో" అంటాడు. అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది. మొన్న మాత్రం కాస్త ఓపిక తెచ్చుకుని, "నువ్వు కొట్లో రీఛార్జి కొడితే అవతలివాడి ఫోన్లో మెసేజి మోగుతుంది చూడు, ఆ మధ్యలో జరిగేదంతా మా పని" అని చెప్పా. ఆయన ఠక్కున, "అంటే డబ్బులు కట్టయ్యి బాలెన్సు ఎక్కనప్పుడు జనం నన్ను తిట్టేది మీ మూలానే అన్నమాట" అన్నాడు. ఆరేళ్ళ నా అనుభవాన్ని ఇంత క్లుప్తంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు :)

ఐటీలో ఉన్నవాళ్ళకి కూడా ఈ బీఎస్‌ఎస్ గురించి పెద్దగా తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పి అసలు సంగతికొస్తా. బిజినెస్ సపోర్ట్ సిస్టమ్స్ అంటే టెలికాం కంపెనీకి డబ్బు తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేరంతా. ఏ ప్లాన్లు అమ్ముతున్నారో చెప్పే క్యాటలాగు, ఆర్డర్లు, కస్టమర్ వివరాలు, ఛార్జింగు, బిల్లింగు, వసూళ్ళు, అన్నీ ఇందులోకే వస్తాయి. పోస్ట్‌పెయిడ్‌లో అయితే కాల్ అయిపోయాక స్విచ్ నుంచి సీడీఆర్ అనే రికార్డు వస్తుంది, దానికి రేటు కట్టి నెలాఖరున బిల్లు వేస్తారు. ప్రీపెయిడ్‌లో అలా కుదరదు. కాల్ కలవక ముందే బాలెన్సులోంచి కొంత పక్కన పెట్టి, అది అయిపోతే ఇంకొంచెం పక్కన పెట్టి, కాల్ అవగానే మిగిలింది వెనక్కి వెయ్యాలి. ఇదంతా మిల్లీసెకన్లలో. మన దేశంలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడే కాబట్టి మనోళ్ళకి ఈ రెండో రకమే ప్రాణం.

ఈ సాఫ్ట్‌వేరు ఎంత ముఖ్యమో అర్థం కావాలంటే 2009 గుర్తు తెచ్చుకోండి. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. టాటా డొకోమో సెకనుకి ఒక పైసా అని వచ్చింది. అంతకుముందు 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాల డబ్బు పోయేది. కొద్ది నెలల్లోనే మిగతా ఆపరేటర్లూ అదే దారి పట్టక తప్పలేదు. మాకది టీవీలో వచ్చే ప్రకటన. లోపల పనిచేసేవాళ్ళకి మాత్రం పల్సు 60 నుంచి 1కి మార్చడమంటే రేటు పట్టికలు, డిస్కౌంట్లు, రిపోర్టులు అన్నీ కదలాలి. ఆ మార్పు వారంలో చేయగలిగిన సాఫ్ట్‌వేరు ఉన్నవాడు ఒకలా, మూడు నెలలు పట్టేవాడు ఇంకోలా ఉంటారు కదా. వెండర్‌ని ఎంచుకోవడంలో ఉన్న గొడవంతా ఇదే.

సరే, అసలు సంగతి. పోయిన ఏడాదంతా నేను ఒక ఆపరేటర్ గ్రూపు కోసం బీఎస్‌ఎస్ వెండర్లని పోల్చే టీంలో ఉన్నా. మా ఆఫీసు హైదరాబాదులో, ఆపరేటర్ వేరే దేశంలో. వాళ్ళ పేరు చెప్పను, చివరి నలుగురు వెండర్ల పేర్లూ చెప్పను. ఉద్యోగం మీద నాకింకా ఆశ ఉంది. ఐతే మా టీంలో వాళ్ళకి మేము పెట్టుకున్న పేర్లు చెప్తా: పెద్దింటి సంబంధం, మేనరికం, మధ్యతరగతి, కొత్త కుర్రాడు.

పెద్దింటి సంబంధం అంటే మీకు తెలిసిందే. ప్రపంచంలో ఉన్న పెద్ద ఆపరేటర్ల పేర్లన్నీ స్లైడు మీద ఉంటాయి. సాఫ్ట్‌వేరుతో పాటు మనుషుల్నీ వాళ్ళే తెస్తారు, నడిపేదీ వాళ్ళే. ఇల్లు వాళ్ళకి అప్పజెప్పి మనం వరండాలో కూర్చోవచ్చు. కాకపోతే ఆ తర్వాత గోడకి మేకు కొట్టాలన్నా ఛేంజ్ రిక్వెస్టు పెట్టాలి. మేనరికం అంటే ఇప్పటికే పద్నాలుగేళ్ళుగా అక్కడ నడుస్తున్న వెండరు. "మీ డేటా అంతా మా దగ్గరే ఉంది కదా" అనే మాటని వాళ్ళు ప్రతి మీటింగులోనూ ఎంత ప్రేమగా అంటారో, అంత బెదిరింపుగానూ వినిపిస్తుంది. మధ్యతరగతి చిన్న కంపెనీ, చిన్న ఆపరేటర్లతో బతుకుతోంది. కొత్త కుర్రాడిది అంతా క్లౌడే. డెమో చూస్తే మతిపోతుంది, పదిహేను నిమిషాల్లో ప్లాను తయారుచేసి అమ్మకానికి పెట్టేస్తాడు. పెద్ద కార్పొరేటు కస్టమరు కింద పది బ్రాంచీలు, వాటి కింద డిపార్ట్‌మెంట్లు, ఎవరి బిల్లు ఎవరు కట్టాలి అని అడిగితే మాత్రం "అది రోడ్‌మ్యాపులో ఉంది" అంటాడు.

పోల్చడం మొదలుపెట్టాక నాకు తగిలిన మొదటి వింత ఏంటంటే, ఈ రంగంలో ప్రోడక్టుకీ కంపెనీకీ బంధుత్వం ఎప్పుడూ స్థిరంగా ఉండదు. కెనాన్ అనే బిల్లింగు సాఫ్ట్‌వేరు కథే తీసుకోండి. 1982లో కెనాన్ సాహిన్ అనే ఆయన తన పేరుతో కంపెనీ పెట్టాడు. 1999లో లూసెంట్ దాన్ని దాదాపు నూటయాభై కోట్ల డాలర్లకి కొంది. మూడేళ్ళు తిరక్కుండానే 2002లో బిల్లింగు వ్యాపారాన్ని సీఎస్‌జీకి అమ్మేసింది, అందులో చిన్న భాగం ధరకి. 2005లో సీఎస్‌జీ దాన్ని కామ్‌వర్స్‌కి ఇచ్చింది. 2015లో కామ్‌వర్స్ తన బీఎస్‌ఎస్ వ్యాపారాన్ని ఆమ్‌డాక్స్‌కి అమ్మింది. ఒక్క కోడు, ఐదు ఇంటిపేర్లు. కేంబ్రిడ్జిలో పుట్టిన జెనీవాది కూడా ఇంచుమించు ఇదే కథ. 2001లో కన్వర్జిస్‌కి, 2012లో అక్కణ్ణుంచి నెట్‌క్రాకర్‌కి. నెట్‌క్రాకర్‌ని అప్పటికే, 2008లోనే, జపాన్‌కి చెందిన ఎన్‌ఈసీ కొనేసింది. అదే ఎన్‌ఈసీ 2025లో సీఎస్‌జీని కూడా కొంటున్నట్టు ప్రకటించింది. బీఎస్‌సీఎస్ అనే ప్రోడక్టు చేసే జర్మనీ కంపెనీ ఎల్‌హెచ్‌ఎస్‌ని ఎరిక్సన్ 2007లో కొంది. నోకియా సీమెన్స్ వాళ్ళ బీఎస్‌ఎస్ వ్యాపారం 2013లో రెడ్‌నీకి వెళ్ళింది, ఆ రెడ్‌నీయే 2018లో ఆప్టివాగా పేరు మార్చుకుంది.

నాకు వీటన్నిట్లో బాగా నచ్చేది ఒరాకిల్ బీఆర్‌ఎం. నేను మొదట నేర్చుకున్నది అదే కాబట్టి కాస్త పక్షపాతం ఉందనుకోండి. దాంట్లో బిల్లింగు ప్రోగ్రాములన్నిటి పేర్లూ పిన్ అనే మూడక్షరాలతో మొదలవుతాయి. ట్రైనింగులో ఎవర్నడిగినా ఎందుకో చెప్పలేదు. తర్వాత తెలిసిందేంటంటే, 1985లో ఆ కంపెనీ మొదలైనప్పటి పేరు పోర్టల్ ఇన్ఫర్మేషన్ నెట్‌వర్క్. ఆ పిన్ అదే. ఆన్‌లైన్ సర్వీసు నడిపిన కంపెనీ తర్వాత బిల్లింగు సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీ అయింది, 2006లో ఒరాకిల్ కొనేసింది, పేర్లన్నీ మారాయి, రాత్రి పన్నెండింటికి నడిచే స్క్రిప్టులో పుట్టింటి పేరు మాత్రం మిగిలిపోయింది. ఆమ్‌డాక్స్ కూడా 1982లో ఇజ్రాయెల్‌లో టెలిఫోన్ డైరెక్టరీల సాఫ్ట్‌వేరుతో మొదలైందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వెండరు వచ్చి "మాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం" అంటే ఇప్పుడు నేను వెంటనే అడిగేది "ఎవరి అనుభవం సార్?" అని. కంపెనీదా, కొన్న ప్రోడక్టుదా? ఆ కోడు రాసినవాళ్ళలో ఎంతమంది మీ దగ్గరే ఉన్నారు? ఇదే అవసరానికి మీ దగ్గర ఇంకో ప్రోడక్టు ఉంటే, ఐదేళ్ళ తర్వాత రెండింట్లో దేన్ని ఉంచుతారు? దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. మా పై వాళ్ళు మాత్రం గార్ట్‌నర్ బొమ్మలో కుడివైపు పైన ఎవరున్నారో చూసి తృప్తిపడుతుంటారు.

ఇక కంప్లయన్సు షీటు. ఆర్‌ఎఫ్‌పీలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెయ్యికి పైగా వరసలున్న ఎక్సెల్ షీటు. ప్రతి వరసలో ఒక అవసరం, పక్కన వెండరు రాయాల్సిన రెండక్షరాలు. ఎఫ్‌సీ అంటే పూర్తిగా ఉంది, పీసీ అంటే కొంత ఉంది, ఎన్‌సీ అంటే లేదు. ఎఫ్‌సీకి పూర్తి మార్కులు, పీసీకి సగం, ఎన్‌సీకి సున్నా. అన్నిటికీ ఎఫ్‌సీ రాస్తే అనుమానం వస్తుందని అక్కడక్కడా దిష్టిచుక్కలా నాలుగు పీసీలు పెడతారు. ఇది నాకెలా తెలుసంటే, ఆ చుక్కలు నేనూ పెట్టాను కాబట్టి.

అవును. ఈ ఉద్యోగానికి ముందు నేను టేబులుకి అవతలివైపు, ఒక వెండర్ కంపెనీలో ఉన్నా. ఈసీఈ చదివి 2019లో చేరిన రెండేళ్ళకి నన్ను ప్రీసేల్స్‌కి సాయంగా వేశారు. 2021లో ఒక బిడ్డు. అందులో 4.7.12 అనే వరస. కుటుంబమంతా పంచుకునే ప్లానులోంచి ఒకరు నెల మధ్యలో బయటికొచ్చేస్తే, వాళ్ళ వంతు డేటా, డబ్బు రోజుల లెక్కన విడదీసి, మిగతావాళ్ళ బిల్లు మళ్ళీ సరిచెయ్యాలి. మా ప్రోడక్టు అది చెయ్యదని నాకు తెలుసు, రెండు రోజులు కూర్చుని చూశాను. మా సీనియర్ దగ్గరికి వెళ్ళా. నేను "అన్నా" అనే పిలిచేవాణ్ణి. ఎస్‌క్యూఎల్ దగ్గర్నుంచి క్లయింటు ముందు ఎలా కూర్చోవాలో దాకా నేర్పింది ఆయనే. ఆయన నవ్వి, "కాన్ఫిగరేషన్‌తో చెయ్యొచ్చు అని రాయి తమ్ముడూ. గెలవనీ ముందు, గెలిచాక చూద్దాం" అన్నాడు. నేను ఎఫ్‌సీ పెట్టి, పక్కన మూడు వాక్యాల పేరా రాశా. బానే రాశా కూడా. చదివితే ఆ ప్రోడక్టు పుట్టిందే ఈ పని కోసమా అన్నట్టుంటుంది. "సెపరేట్" అన్న మాటలో ఏ బదులు ఈ వేశాను, అదొక్కటే తప్పు. భాషలో తప్పు, అంటున్నా.

బిడ్డు గెలిచాం. అదే కంపెనీలో డెలివరీలో ఉన్న నా రూమ్మేటుని ఆ ప్రాజెక్టుకి పంపారు. నా మూడు వాక్యాల్ని నిజం చెయ్యడానికి వాడికి ఎనిమిది నెలలు పట్టింది. వాడి చెల్లెలి నిశ్చితార్థం వీడియో కాల్లో చూశాడు. అంత చేసినా, లైవ్ అయిన మొదటి నెల బిల్లుల్లో ఒక మూల తేడా కొట్టింది. కుటుంబం నుంచి విడిపోయినవాళ్ళకి రెండు చోట్లా డబ్బు పడింది, పాత ప్లానులోనూ, కొత్త ప్లానులోనూ. విడిపోయేది ఎవరు చెప్పండి? పెళ్ళయి వెళ్ళిన పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, విడాకులైనవాళ్ళు. వాళ్ళకి వచ్చిన బిల్లు చూసుకుని కాల్ సెంటరుకి ఫోన్ చేస్తే, అక్కడి అమ్మాయికి ఏం చెప్పాలో తెలీదు. రికార్డులన్నీ వెనక్కి తీసి మళ్ళీ రేటు కట్టి బిల్లులు సరిచేసేసరికి ఇంకో నెల. మా వాడు తిరిగొచ్చాక ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాడు. దాని మీద 4.7.12 అని తప్ప ఇంకేం లేదు. ఇప్పటికీ ఫోన్ చేస్తే వాడు హలో అనడు, ఆ అంకె చెప్తాడు.

టేబులుకి ఇవతలివైపు వచ్చాక నేను నేర్చుకున్నదంతా ఆ కాగితం పుణ్యమే. షీటు నింపించుకుని మార్కులు కలిపే బదులు, కొన్ని కథలు రాసి "మా ముందు, మేం ఇచ్చిన డేటాతో చేసి చూపించండి" అని అడగడం మొదలుపెట్టాం. నాకిష్టమైన కథ 31వ తేదీది. మన ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది గుర్తుందా? 28 రోజుల ప్లాన్లతో ఏడాదికి పన్నెండు బదులు పదమూడు రీఛార్జిలు చేయిస్తున్నారని జనం గోల పెట్టాక, 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటి తప్పనిసరిగా ఉంచమంది. ఆ తేదీ లేని నెలలో ఆఖరి రోజు. ఇది మన దేశపు నియమమే అయినా, నెలవారీ ప్లాను ఉన్న ప్రతిచోటా ఇదే చిక్కు. జనవరి 31న ప్లాను తీసుకుంటే ఫిబ్రవరిలో 28కి వస్తుంది. మార్చిలో? 31కి రావాలి. కానీ సిస్టము పోయిన తేదీని మాత్రమే దాచుకుని దానికి నెల కలిపితే 28కి వస్తుంది, ఇంక ఎప్పటికీ 28 దగ్గరే ఉండిపోతుంది. మూడు రోజులు ఎటో పోయాయి. ఒక్క మనిషికి పెద్దగా తెలియదు. లక్షల మందికి లెక్కేసుకోండి. పెద్దింటివాళ్ళు ఇందులో తప్పారు. వాళ్ళ ఆర్కిటెక్టు పెద్దమనిషి, స్క్రీను వైపు కాసేపు చూసి "ఇంటరెస్టింగ్" అన్నాడు :)

ఇంకో కథ వేగం గురించి. సెకనుకి ఇన్ని వేల లావాదేవీలు అని అందరూ చెప్తారు. అది వాళ్ళ ల్యాబులో, వేర్వేరు మనుషులు వేర్వేరు బాలెన్సులతో చేసిన కాల్స్ మీద లెక్క. ఒకే కుటుంబంలో ఐదుగురు ఒకే డేటా బకెట్ నుంచి ఒకేసారి వీడియోలు చూస్తుంటే? ఐదు ఫోన్లూ ఒకే అంకెని తగ్గించడానికి పోటీ పడతాయి. ఒకరు రాసేదాకా మిగతావాళ్ళు ఆగాలి, ఆగకపోతే ఉన్నదానికంటే ఎక్కువ వాడేస్తారు. ఈ పరీక్షలో కొత్త కుర్రాడు నిజంగా బాగా చేశాడు, మేనరికం చెమటలు కక్కింది. ఎవరి మెప్పు వాళ్ళకివ్వాలి.

టీఎం ఫోరం ఏపీఐల సర్టిఫికెట్లు అందరికీ ఉన్నాయి. 620 క్యాటలాగుకి, 622 ఆర్డర్లకి, అలా. మంచివే. కానీ అవి తలుపు కొలత సరిగ్గా ఉందని చెప్తాయి, తలుపు వెనక గది ఉందో లేదో చెప్పవు. ధరల దగ్గర మాత్రం ఒకే ఒక్క ప్రశ్న మాకు బాగా పనికొచ్చింది: "యాక్టివ్ సబ్‌స్క్రైబర్ అంటే ఎవరు?" లైసెన్సు ధర మనిషికింత అంటారు కదా. రెండో సిమ్ము డ్రాయరులో పడేసి మూడు నెలలుగా వాడనివాడు మనిషి లెక్కలోకి వస్తాడా? ట్రాయ్ కూడా మొత్తం కనెక్షన్లు వేరుగా, నిజంగా నెట్‌వర్కులో తిరుగుతున్నవి వేరుగా చూపిస్తుంది, ఆ రెంటికీ తేడా కోట్లలో ఉంటుంది. నలుగురు వెండర్లు నాలుగు నిర్వచనాలు ఇచ్చారు. అన్నిటికంటే తక్కువ ధర చెప్పినవాడి నిర్వచనం అన్నిటికంటే వెడల్పుగా ఉంది.

ఇప్పుడు నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి. ఒక రాత్రి ఇంట్లో కూర్చుని కొత్త కుర్రాడి బిడ్డు చదువుతున్నా. కుటుంబ ప్లాను వరస వచ్చింది. ఎఫ్‌సీ. పక్కన పేరా. మొదటి వాక్యం చదవగానే "అబ్బ, ఎవరో బాగా రాశార్రా" అనిపించింది. రెండో వాక్యంలో "సెపరేట్" దగ్గర ఆగిపోయా. ఏ ఉండాల్సిన చోట ఈ. అది నా పేరా. అక్షరం మారలేదు. పాత కంపెనీ ప్రోడక్టు కోసం నేనాడిన అబద్ధం, ఇంకో కంపెనీ, మొన్న మొన్న పుట్టిన క్లౌడు ప్రోడక్టు కోసం అదే అబద్ధం ఆడుతోంది. కవరు పేజీకి వెళ్ళి చూస్తే అక్కడ మా సీనియర్ పేరుంది, సొల్యూషన్ హెడ్డుగా. ఏడాది కిందట మారాడని అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అంటే అతిశయోక్తి, రెండింటికి పట్టింది. అప్పటిదాకా ఏం ఆలోచించానంటే, ఊరుకోవచ్చు. ఎలాగూ డెమోలో బయటపడొచ్చు, పడకపోవచ్చు. చెప్పాలంటే ముందు అది నేను రాసిందేనని ఒప్పుకోవాలి. తెలిసి తెలిసి లేనిది ఉందని రాశానని, వెండర్ల మాటలు నమ్మొచ్చో లేదో తేల్చడానికి పెట్టుకున్న మనిషినే ఒప్పుకోవాలి. పైగా అన్న. ఆయనకి మియాపూర్‌లో ఫ్లాటు లోను, ఇద్దరు పిల్లలు. నాకు ఉద్యోగం పర్మనెంటు అవ్వాలని మేనేజర్‌తో పోట్లాడింది ఆయనే.

పొద్దున్నే మా మేడమ్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశా. ఆ మనిషి నాకు తెలుసని, పేరా నాదని, అది రాసినప్పుడే అబద్ధమని. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ వెండరుకి నువ్వు మార్కులు వెయ్యకు. పరీక్ష మాత్రం నువ్వే రాయి. నలుగురికీ ఒకటే పరీక్ష. ఇది ఎక్కడ తెగుతుందో నీకంటే బాగా ఎవరికీ తెలీదు" అంది. అంతే. నన్ను తీసేస్తారనుకున్నా, పని పెంచారు.

రాశాను. ఐదుగురి కుటుంబం, 17వ తేదీన ఒకరు బయటికి, 20న తిరిగి లోపలికి, మధ్యలో ఒక డిస్కౌంటు ముగుస్తుంది. మా వాడికి తెగిన మూల అదే. షీటులో ముగ్గురు ఎఫ్‌సీ, మధ్యతరగతి ఒక్కరే పీసీ. తిరిగి లోపలికొస్తే డిస్కౌంటు చేత్తో సరిచెయ్యాలి అని పక్కన రాశారు. చేయించి చూస్తే, వాళ్ళు రాసినంతవరకు సరిగ్గా వచ్చింది, రాసిన చోటే ఆగింది. మేనరికానికి రెండు గంటలు పట్టింది కానీ చేసింది. పెద్దింటివాళ్ళు "ప్రాజెక్టులో చేస్తాం" అన్నారు. కొత్త కుర్రాడి దగ్గర ఐదుగురికీ రెండేసి సార్లు డబ్బు పడింది. అన్న వీడియోలో ఉన్నాడు. స్క్రీను మీద ఆ అంకెలు కనపడగానే కెమెరా ఆపేశాడు.

రాత్రి ఫోను. "తమ్ముడూ, ఆ ప్రశ్న నువ్వే రాశావు కదా."

"అన్నా, ఆ జవాబు కూడా నేనే రాశాను కదా."

కాసేపు అటు నుంచి టీవీ శబ్దం తప్ప ఏం లేదు. "అది ఎవరు పెట్టారో నిజంగా నేను చూళ్ళేదురా. పాత జవాబుల ఫోల్డరు ఒకటుంది, కుర్రాళ్ళు అందులోంచి తీస్తారు. వెయ్యి వరసలు ఎవరు చదువుతారు?" అన్నాడు. నాకు ఆ కుర్రాళ్ళ మీద జాలేసింది. ఐదేళ్ళ కిందట నేనూ వాళ్ళలాగే ఉన్నా. టెండరు నడుస్తుండగా నువ్వు నాకు ఫోన్ చెయ్యకూడదన్నా అని చెప్పి పెట్టేశా. ఆ ఫోను సంగతి కూడా మేడమ్‌కి మెయిలు రాశా. అది రాయడానికి మాత్రం పొద్దుటి ధైర్యం కంటే ఎక్కువే కావాల్సొచ్చింది.

చివరికి ఏమైందంటారా? చివరికి మేనరికమే కుదిరింది. నవ్వకండి. నా మార్కుల్లో మధ్యతరగతి ముందుంది, వాళ్ళ ఆ ఒక్క పీసీ నాకు మిగతావాళ్ళ ఎఫ్‌సీలన్నిటికంటే విలువగా అనిపించింది. కానీ పద్నాలుగేళ్ళ డేటా, ఇప్పుడెవరూ అమ్మని, ఐనా కొంతమంది ఇంకా వదలని వెయ్యికి పైగా పాత ప్లాన్లు, ఇవన్నీ కొత్త ఇంటికి మోసుకెళ్ళే ఖర్చు లెక్కేసేసరికి పై వాళ్ళకి కాళ్ళు ఆడలేదు. నేను పోట్లాడాను, ఓడిపోయాను. వాళ్ళదే తప్పని కూడా ఇప్పుడు ఖచ్చితంగా అనలేను. మేం రాసిన కథలన్నీ ఒప్పందం అనుబంధంలో పెట్టించగలిగాం, అవి నడిస్తేనే డబ్బు విడుదల. 31వ తేదీ కథ పదకొండో పేజీలో ఉంది.

అన్నకి రెండు నెలల తర్వాత లింక్డిన్ ఫోటో చుట్టూ ఆకుపచ్చ గీత కనిపించింది. ఈ ఒక్క బిడ్డు వల్లేనా, ఇంకేదైనానా, అడగలేదు. పోయిన వారం ఆయనే మెసేజి పెట్టాడు, మీ గ్రూపులో టెస్టింగుకి మనుషులు కావాలంట కదా అని. రెజ్యూమె పంపమన్నా. వచ్చింది. హెచ్ఆర్‌కి పంపే ముందు మేడమ్‌ని అడిగితే, "మార్కులు నువ్వు వెయ్యనంతవరకు నాకేం అభ్యంతరం లేదు" అంది.

ఆదివారం మొదటి ట్రయల్ బిల్ రన్. పరీక్షకి పెట్టిన కస్టమర్లలో ఒక పేరు మా బాబాయిది, జనవరి 31న ప్లాను తీసుకున్నట్టు. కుటుంబ ప్లాను ఫలితం ఏదైనా సరే ముందు తనకే చెప్పాలని రూమ్మేటు ఆర్డరు. అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యమన్నాడు.